తాడ్వాయి నుంచి మేడారం దాకా కాలినడక: 14 కిలోమీటర్ల బాట ఎట్లుందంటే

ముందే చెప్పేస్తున్నా. తాడ్వాయి నుంచి మేడారం దాకా నడవండి, కానీ రెండేళ్లకోసారి వచ్చే సమ్మక్క సారలమ్మ పెద్ద జాతర నాలుగు రోజుల్లో కాదు, ముందస్తు మొక్కులు నడిచే వారాల్లో నడవండి. నీళ్లు మోసుకొని పోండి, చెప్పులు లేకుండా నడుస్తామని మొక్కుకున్నా సరే సంచిలో ఒక జత పెట్టుకోండి, ఆడవాళ్లయితే తాడ్వాయిలో బస్సు దిగగానే బాత్రూం పని చూసుకున్నాకే అడుగు ముందుకేయండి. ఇక నుంచి నేను రాసేదంతా ఈ నాలుగు ముక్కలకు వివరణే.

మేం నడిచింది 2025 ఫిబ్రవరి 2, ఆదివారం. పెద్ద జాతర లేని ఏడాది జరిగే మినీ జాతర ఆసారి ఫిబ్రవరి 12 నుంచి 15 దాకా, దానికి పది రోజుల ముందన్నమాట. పోయిన వానాకాలం మా బాబుకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతున్నప్పుడు, ఆస్పత్రి వరండాలో కూర్చొని మా పెద్దమ్మ మొక్కింది, "తల్లీ సమ్మక్కా, పోరడు లేసి తిరిగితే నడిసొచ్చి నిలువెత్తు బంగారం ఇస్తం" అని. మేడారంలో బంగారం అంటే బెల్లం అని మన దగ్గర తెలియని వాళ్లుండరు, అయినా కొత్తవాళ్ల కోసం రాస్తున్నా: మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూకమేయించి గద్దెల (అమ్మవార్లను నిలిపే అరుగుల) దగ్గర సమర్పించుకోవడమే నిలువెత్తు బంగారం. వాడు లేచి తిరిగాడు. పదకొండేళ్లు, ఇరవై తొమ్మిది కిలోలు. అంత బెల్లం భుజాన వేసుకొని అడవిలో నడవలేం కాబట్టి మా ఆయన దాన్ని హనుమకొండలోనే కొని మధ్యాహ్నానికి కారులో తెచ్చేట్టు, పెద్దమ్మ, నేను, బాబు, పెద్దమ్మ కొడుకు (నాకు తమ్ముడు) నడిచేట్టు మాట్లాడుకున్నాం. పెద్దమ్మకు అరవై నాలుగు. మోకాళ్ల నొప్పులున్నాయి. నాకు చాలా టెన్షన్‌గా ఉండె, ఆమెకు ఏమీ లేదు.

తాడ్వాయి నుంచే ఎందుకంటే, మేడారానికి రెండు బాటలు వాడుకలో ఉన్నాయి. ఒకటి పస్రా దగ్గర మళ్లి నార్లాపూర్ మీదుగా పోయేది, పెద్ద జాతరప్పుడు సొంత బండ్లను ఎక్కువగా అటు పంపుతారు. రెండోది తాడ్వాయి నుంచి నేరుగా అడవిలోంచి పోయేది, జాతరప్పుడు ఆర్టీసీ బస్సుల బాట ఇదే. మామూలు రోజుల్లో ఈ రెండో బాట మీద రద్దీ తక్కువ, చెట్లు ఎక్కువ. ముసలివాళ్లూ పిల్లలూ ఉంటే ఒక్క రోజులో నడిచి, మొక్కు తీర్చుకొని, వండుకొని తిని, రాత్రికి ఇల్లు చేరడానికి ఈ 14 కిలోమీటర్లు సరిగ్గా సరిపోతాయి. కుర్రవాళ్లయితే ములుగు గట్టమ్మ గుడి దగ్గర నుంచే నడవొచ్చు, కానీ అది రెండు రోజుల పని.

గట్టమ్మ అంటే గుర్తొచ్చింది. మేం చేసిన మొదటి తప్పు అక్కడే. హనుమకొండలో తెల్లవారుజామున నాలుగున్నర బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం మహాలక్ష్మి కింద జీరో టికెట్టే, ఆధార్ చూపిస్తే చాలు, తమ్ముడికీ బాబుకూ మాత్రమే డబ్బులు కట్టాం. ములుగు దగ్గర గట్టమ్మ గుడి వచ్చేసరికి ఇంకా చీకటిగానే ఉంది, బస్సులో వాళ్లందరూ కూర్చున్న చోటి నుంచే దండం పెట్టుకున్నారు, కొందరు కిటికీలోంచి చిల్లర వేశారు. గట్టమ్మకు మొక్కకుండా మేడారం పోవద్దని మనోళ్ల నమ్మకం. పెద్దమ్మకు ఆ కిటికీ దండం ఆనలేదు, తెచ్చిన కొబ్బరికాయ ఒళ్లో పెట్టుకొని తాడ్వాయి దాకా అదే మాట అనుకుంటూ వచ్చింది. మీరైతే ములుగుకే టికెట్ తీసుకోండి, గట్టమ్మ దగ్గర కొబ్బరికాయ కొట్టి, వెనకొచ్చే ఏటూరునాగారం బస్సు ఎక్కండి. అరగంట ఆలస్యమైనా మనసుకు తృప్తి.

తాడ్వాయిలో ఆరూ నలభైకి దిగాం. మంచు బాగా ఉంది, చలి కూడా. రోడ్డు మీద రెండు మూడు టీ హోటళ్లు తెరిచి ఉన్నాయి, ఒక దాంట్లో ఇడ్లీ తిన్నాం, ప్లేటు ముప్పై రూపాయలు, ఇడ్లీలు పొగలు కక్కుతూ ఉన్నాయి గానీ చట్నీ పలచన. టీ మాత్రం చాలా బాగుంది, అల్లం దంచి వేసింది ఆమె. అక్కడ జనం కోసం కట్టిన మరుగుదొడ్లకు తాళం వేసి ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగితే ఒకరు ఇంకొకరిని చూపించారు. జాతరకు పది రోజుల ముందు, రోజూ వందల మంది దిగే చోట తాళం ఎందుకో నాకు నిజంగా అర్థం కాలేదు. చివరికి ఆ హోటల్ ఆమే మా మొహాలు చూసి, "రా అక్కా, మా ఇంట్లకు పో" అని వెనకున్న తన ఇంటి బాత్రూం చూపించింది. డబ్బులిస్తే తీసుకోలేదు. ఈ రోజు మొత్తంలో నేను పది మార్కులు వేయాల్సి వస్తే ఐదు ఆమెకే వేస్తా.

ఏడింటికి నడక మొదలైంది. పెద్దమ్మ చెప్పులు విప్పి సంచిలో పెట్టింది. నేను క్యాన్వాస్ బూట్లు వేసుకున్నా, ముందు రోజు దాకా ఆమెతో పాటు ఒట్టి కాళ్లతో నడవాలా వద్దా అని ఆలోచించి, మొక్కింది ఆమె కదా, ఆమె పడిపోతే పట్టుకునే మనిషి కాళ్లు బాగుండాలి కదా అనుకున్నా. బాబు స్కూల్ బూట్లు. తమ్ముడు చెప్పులు.

మొదటి రెండు గంటల గురించి ఎంత రాసినా తక్కువే. ఇది ఏటూరునాగారం అభయారణ్యం, రోడ్డుకు రెండు వైపులా టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మధ్యమధ్యలో వెదురు పొదలు. ఫిబ్రవరి కదా, టేకాకు రాలుతూ ఉంటుంది, ఎండిన ఆకు పెద్దది, అప్పడంలా, అది కింద పడ్డ చప్పుడుకు బాబు రెండు సార్లు ఉలిక్కిపడ్డాడు. మంచు పైకి లేస్తున్న కొద్దీ ఒక్కో చెట్టూ విడివిడిగా బయటపడుతుంది. మోదుగలు అప్పుడప్పుడే మొగ్గ విప్పుతున్నాయి. ఎక్కడో నెమలి అరిచింది, కనపడలేదు. కారులో ఈ బాట మీద నేను ఐదారుసార్లు పోయి ఉంటా, ఇన్ని రకాల చెట్లున్నాయని ఒక్కసారి కూడా చూడలేదు, కారులో అయితే ఇది ఇరవై నిమిషాల బాట.

తోటి నడిచేవాళ్లు కూడా ఉన్నారు. మంచిర్యాల వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం, పది పన్నెండు మంది, ముందు నడిచే ఆయన భుజం మీద గంపలో రెండు కోళ్లు, వెనక ఆడవాళ్లు పసుపు చీరలు, ఒకామె ఒడిబియ్యం మూట గట్టిగా రొమ్ముకు హత్తుకొని నడుస్తోంది. ఎవరినీ అడగకుండానే వాళ్లూ మేమూ కలిసి నడిచాం. ఒకరి బిడ్డ ఏడిస్తే ఇంకొకరు బిస్కెట్ ఇవ్వడం, ఒకరి సీసాలో నీళ్లు ఇంకొకరు తాగడం, ఈ కలుపుగోలుతనం నడకలోనే ఉంటుంది, పార్కింగ్‌లో ఉండదు.

పెద్దమ్మ ఈ బాట మీద చిన్నప్పుడు ఎడ్లబండిలో వచ్చిందట. వాళ్ల ఊరు పరకాల దగ్గర, బండ్లు బారు కట్టి బయల్దేరితే మూడు రోజులు పట్టేదట. "గీ రోడ్డు యాడిది బిడ్డా, అంత దుమ్మే. ఎడ్ల మెడల గంటలు ఇనుకుంట పండుకుంటే తెల్లారేది" అంది. రాత్రిళ్లు బండ్లు గుండ్రంగా నిలిపి మధ్యలో మంట వేసుకునేవాళ్లట, పులి భయానికి. అప్పుడు ఇదంతా వరంగల్ జిల్లా, 2016లో భూపాలపల్లి జిల్లా అయింది, 2019లో ములుగు జిల్లా అయింది, ఆమె నోట్లో మాత్రం ఇప్పటికీ వరంగల్ జిల్లానే. 1996లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేసిన తర్వాతి జాతరకు కూడా వాళ్ల ఊరి నుంచి బండ్లు కట్టారని చెప్పింది.

కొంత దూరం పోయాక అడవి ఒక్కసారిగా తెగిపోయింది. వినడం వేరు, చూడడం వేరు. 2024 ఆగస్టు 31న వచ్చిన ఆ గాలివానకు ఈ తాడ్వాయి-మేడారం అడవిలో వందల ఎకరాల్లో వేల చెట్లు నేలకొరిగాయని పేపర్లో చదివాం, డ్రోన్ ఫొటోలు చూశాం, అయ్యో అనుకొని మర్చిపోయాం. దగ్గర నిలబడితే తెలుస్తుంది. ఇద్దరు చేతులు చాపినా అందనంత లావు మానులు వేళ్లతో సహా లేచి పక్కకు పడి ఉన్నాయి, వేర్ల మధ్య ఎర్రమట్టి ఇంకా పట్టుకొని ఉంది, కొన్ని మధ్యకు విరిగి మొండాలు మిగిలాయి. అంతదాకా నీడలో నడిచిన వాళ్లం ఒక్కసారి ఎండలోకి వచ్చాం. మాట్లాడుకుంటూ వస్తున్న మంచిర్యాల వాళ్లు కూడా ఆగిపోయారు. కొన్ని మొదళ్ల దగ్గర కొత్త చిగుళ్లు వచ్చాయి, బాబు వెళ్లి ఒక చిగురు ముట్టుకొని వచ్చాడు.

పెద్దమ్మ రోడ్డు పక్కన కూలబడ్డ ఒక మాను మీద కూర్చొని, "అంత గాలి ఊరి మీదికి వస్తే మనుషులు మిగులుదురా? తల్లులే అడ్డం నిలవడ్డరు" అంది. ఆ చుట్టుపక్కల ఎవరిని కదిపినా ఇదే మాట అంటున్నారు. ఆ తర్వాత డిసెంబర్ 4 పొద్దున ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది కదా, హనుమకొండలో మా ఇంట్లో గిన్నెలు కదిలాయి, మేడారం గద్దెల దగ్గర కెమెరాలో రికార్డైన ఊపు వీడియో అందరం చూశాం. మూడు నెలల తేడాతో ఈ రెండూ చూసిన నేల ఇది. నేను సైన్సు చదువుకున్న మనిషిని, గాలి ఎట్లా వచ్చిందో భూమి ఎందుకు కదిలిందో పుస్తకంలో ఉన్నది బాబుకు చెప్పాను, కానీ ఆ చెట్ల మధ్య నిలబడి పెద్దమ్మ మాట కాదనాలని నాకు అనిపించలేదు. అనలేదు కూడా.

అక్కడే కూర్చొని సద్ది విప్పాం. జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం, పులిహోర, సంక్రాంతికి చేసిన సకినాలు కొన్ని. తింటూ ఉండగా బాబు అడిగాడు, సమ్మక్క ఎవరు అమ్మమ్మా అని. ఆమె చెప్పింది. వేటకు పోయిన కోయ దొరలకు అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న పసిపాప దొరకడం, ఆమె పెరిగి పగిడిద్దరాజును పెళ్లాడడం, సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పుట్టడం, కరువొచ్చి కప్పం కట్టలేకపోతే ఓరుగల్లు ప్రతాపరుద్రుడి సైన్యం మీదికి రావడం, అల్లుడు గోవిందరాజు, సారలమ్మ యుద్ధంలో ఒరగడం, జంపన్న సంపెంగ వాగులో పడిపోతే ఆ నీళ్లు ఎర్రబడి జంపన్నవాగు కావడం, చివరికి దెబ్బ తిన్న సమ్మక్క చిలకలగుట్ట వైపు నడుచుకుంటూ పోయి కనపడకుండా పోవడం, వెతికిన వాళ్లకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరకడం. నేను ఈ కథ ఎన్నోసార్లు విన్నా. కూలిన అడవిలో, ఒట్టి కాళ్లకు దుమ్ము కొట్టుకుపోయిన ఒక ముసలామె నోట వినడం ఇదే మొదటిసారి. బాబు అడిగిన ప్రశ్న ఒకటే: "మన వరంగల్ రాజే మన సమ్మక్క మీదికి యుద్ధానికి వచ్చాడా?" వాడికి ఖిలా వరంగల్ తోరణాలంటే చాలా ఇష్టం, బొమ్మలు గీస్తాడు. అవునన్నా. చాలాసేపు ఏం మాట్లాడకుండా నడిచాడు.

ఇక కష్టాలు. తొమ్మిదిన్నర తర్వాత ఎండ మొదలైంది, కూలిన అడవి దాటాక నీడ మళ్లీ వచ్చినా తారు వేడెక్కింది. ఒట్టి కాళ్లతో నడిచేవాళ్లు తారు మీద కాకుండా రోడ్డు అంచున ఉన్న తెల్ల గీత మీద నడవండి, అది తారంత కాలదు. పక్కనున్న మొరం మట్టి చల్లగా ఉంటుంది గానీ గులకరాళ్లు గుచ్చుతాయి, పెద్దమ్మ కాసేపు ఇది, కాసేపు అది. పదో కిలోమీటరు దగ్గర ఆమె మడమ చీలి రక్తం వచ్చింది. చెప్పులు వేసుకోమంటే వినలేదు. తమ్ముడు పాత కాటన్ తువ్వాలు చింపి కాలికి చుట్టాడు, గుడ్డ చుట్టుకుంటే మొక్కు తప్పినట్టు కాదని ఒప్పించడానికి పావుగంట పట్టింది. సంచిలో కొబ్బరినూనె, పసుపు, పాత గుడ్డ పెట్టుకోండి, ఇంతకన్నా పెద్ద మందులు మాకు అవసరం పడలేదు. బాబు కాలికి బొబ్బ లేచింది, వాడి బూట్లు కొత్తవి, అది నా తప్పు. నెల రోజులు వాడిన బూట్లతోనే పిల్లల్ని నడిపించండి.

నీళ్లు. మనిషికి రెండు లీటర్ల లెక్కన తీసుకుపోయాం, పదో కిలోమీటరుకు అయిపోయాయి. దారి మధ్యలో మంచినీళ్ల ఏర్పాటు మాకెక్కడా కనపడలేదు. ఒక చెట్టు కింద గొడుగు వేసుకొని ఒకతను లీటరు సీసా ముప్పైకి అమ్ముతున్నాడు, సీసా మీద ఇరవై అని రాసి ఉంది. అడిగితే ఇక్కడి దాకా మోసుకొచ్చాం కదా అన్నాడు. మోసుకొచ్చింది నిజమే గానీ, మొక్కుకొని ఒట్టి కాళ్లతో నడిచేవాళ్ల దగ్గర దాహానికి పది రూపాయలు ఎక్కువ తీసుకోవడం నాకు బాధ అనిపించింది. మనిషికి మూడు లీటర్లు పెట్టుకోండి. రాగి అంబలి ఒక సీసాలో తెచ్చుకుంటే ఇంకా మంచిది, మంచిర్యాల వాళ్లు తెచ్చుకున్నారు, మాకూ పోశారు, అది కడుపులో పడ్డాక పెద్దమ్మ నడక మారింది.

బండ్ల గురించి గట్టిగా చెప్పాలి. మూలమలుపుల దగ్గర కార్లు, ట్రాక్టర్లు చాలా వేగంగా వస్తాయి, డీజే పెట్టుకున్న ట్రాలీ ఒకటి మమ్మల్ని రోడ్డు కిందికి దిగేట్టు చేసింది. ఎప్పుడూ రోడ్డుకు కుడి వైపు, ఎదురుగా వచ్చే బండి కనపడేట్టు నడవండి, పిల్లల్ని లోపలి వైపు ఉంచండి. చీకట్లో అస్సలు నడవొద్దు, ఒకటి బండ్ల వల్ల, రెండోది ఇది అడవి కాబట్టి. ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, కలుసుకునే చోటు, టైము ముందే అనుకోండి. కోతులున్నాయి, చేతిలో కవరు కనపడితే వదలవు, తినేవి గుడ్డ సంచిలో కట్టుకోండి.

ప్లాస్టిక్ చూస్తే కడుపు తరుక్కుపోయింది. 2024 పెద్ద జాతర నాటి కవర్లు, గ్లాసులు ఇంకా పొదల్లో ఉన్నాయి, ఎండకు పెళుసుబారి ముట్టుకుంటే ముక్కలవుతున్నాయి. మేడారంలో దేవతలకు విగ్రహాలు లేవు, వెదురు, కుంకుమ భరిణె, గద్దెలు, చుట్టూ అడవి, ఇదే అమ్మవారు. అమ్మవారి ఒంటి మీద చెత్త వేసి అమ్మవారికి బెల్లం పెట్టడం ఎట్లా కుదురుతుంది? బాబు, తమ్ముడు కలిసి ఒక సంచి నిండా ఏరారు, సంచి నిండింది తప్ప అక్కడ తగ్గినట్టు కనపడలేదు.

మేడారం చేరేసరికి పన్నెండు దాటింది. ఐదు గంటలు పట్టింది, అందులో గంటన్నర కూర్చున్నదే. ముందు జంపన్నవాగుకు పోయాం. వాగులో నీళ్లు మోకాళ్ల లోతు కూడా లేవు, ఒడ్డున జల్లు స్నానాల నల్లాలున్నాయి, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదులు మాత్రం ఆ ఆదివారం జనానికే చాలలేదు, చీర అడ్డం పట్టుకొని మార్చుకున్నాం. వాగులోకి దిగేటప్పుడు చెప్పులు ఉంచుకోండి, అడుగున కొబ్బరి చిప్పలు, గాజు ముక్కలు ఉంటాయి. చీలిన మడమ ఆ చల్లటి నీళ్లలో పెట్టి పెద్దమ్మ కళ్లు మూసుకొని అట్లనే నిలబడింది, ఎంతసేపో నేను చూసుకోలేదు.

మా ఆయన బెల్లంతో వచ్చి కాంటా దగ్గర వరుసలో నిలబడి ఉన్నాడు. బెల్లం ఇంటి దగ్గరే కొనడం మేలు, అక్కడ కిలోకు పది పదిహేను ఎక్కువ చెప్పారు. 2024 పెద్ద జాతరప్పుడైతే బెల్లం కొనడానికి ఆధార్ కూడా అడిగారు, అది సారాకు మళ్లుతుందని. బాబును తక్కెడలో కూర్చోబెట్టారు, అటువైపు బెల్లం దిమ్మెలు ఒక్కోటీ పెడుతుంటే వాడు మెల్లగా పైకి లేచాడు. ఆగస్టులో ఆస్పత్రి మంచం మీద ఇరవై మూడు కిలోలున్న పిల్లాడు. ఒక దిమ్మె చాలక ఇంకోటి పెట్టారు, అది కూడా చాలలేదని ఇంకోటి. ఆ ఒక్కో దిమ్మెకూ నేను ఏడుస్తూనే ఉన్నా.

గద్దెల దగ్గర దర్శనం నలభై నిమిషాల్లో అయిపోయింది. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, గోవిందరాజు, నలుగురి దగ్గరా ప్రశాంతంగా నిలబడగలిగాం, పసుపు కుంకుమ, ఒడిబియ్యం, చీర పెట్టుకున్నాం. ఒకామెకు పూనకం వచ్చింది, చుట్టూ వాళ్లు జరిగి చోటిచ్చారు, ఎవరూ ఫోన్లు తీయలేదు, నాకు చాలా నచ్చింది. 2024 ఫిబ్రవరి పెద్ద జాతరకు ఇదే చోటికి కారులో వచ్చాం. తొమ్మిది గంటలు రోడ్డు మీదే ఉన్నాం, గద్దెల దగ్గర జనం నెట్టుడుకు నిలబడింది రెండు నిమిషాలు కూడా లేదు, దూరం నుంచి విసిరే బెల్లం ముద్దలు, కొబ్బరికాయలు తలలకు తగులుతుంటాయి. కోటి మందికి పైగా వచ్చే జాతర అది. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చే ఆ ఘడియ చూడాలంటే పెద్ద జాతరకే పోవాలి, దానికి సాటి లేదు, కాదనను. కానీ మొక్కు తీర్చుకోవడానికి, అదీ నడిచి, పిల్లలతో, ముసలివాళ్లతో అయితే ముందస్తు రోజులే సరైనవి. ఆదివారం కాకుండా మామూలు రోజు అయితే ఇంకా ఖాళీ.

తర్వాత వంట. ఊళ్లో వాళ్లు ఇంటి ముందు చెట్ల కింద చోటు కిరాయికిస్తారు. మేం ఒక చింతచెట్టు కింద మూడు వందలకు మాట్లాడుకున్నాం, కట్టెలు, రెండు బిందెల నీళ్లు, మూడు రాళ్ల పొయ్యి అందులోనే. ఇంటామె కోయ ఆవిడ, పెద్దమ్మ కాలు చూసి ఏదో ఆకు నూరి తెచ్చి కట్టింది, పేరు చెప్పింది గానీ నాకు పట్టుబడలేదు. నాటుకోడి ఖరీదు ఎక్కువే, బేరమాడితే కొంచెం తగ్గించారు. కోడి కూర, అన్నం, పచ్చిపులుసు. పద్నాలుగు కిలోమీటర్లు నడిచాక, తలస్నానం చేసి, చెట్టు కింద విస్తరాకులో తిన్న ఆ కూర రుచి నేను ఇంట్లో రెండు సార్లు వండి చూశా, రాలేదు. విస్తరాకులు మాత్రం ఇంటి నుంచి తీసుకుపోండి, అక్కడ దొరికేవన్నీ ప్లాస్టిక్ పూతవే.

కన్నెపల్లిలో సారలమ్మ గుడికి పోవాలనుకున్నాం, కాళ్లు రాలేదు. తిరుగు ప్రయాణం కారులోనే. పెద్దమ్మ దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ, "గీడ కూసున్నం, గీడ అంబలి తాగినం" అని బాబుకు చూపిస్తూ వచ్చింది. గట్టమ్మ దగ్గర ఆపించి, పొద్దున్నుంచి సంచిలో మోసిన ఆ కొబ్బరికాయ కొట్టింది.

2026 పెద్ద జాతరకు ముందు మళ్లీ నడవాలని అప్పుడే అనేసింది, ఈసారి పస్రా నుంచి నార్లాపూర్ బాటన. మడమ మానడానికి పన్నెండు రోజులు పట్టింది. మెత్తటి చెప్పులు ఒక జత కొనిచ్చా, ఇంట్లో వేసుకొని తిరుగుతోంది.